దుబాయ్‌లో 22 ఏళ్లు, ఇంకో మూడేళ్లలో ఇంటికి: ఏ కాగితాలు ముందు?

జగిత్యాల_దుబాయ్ (ప్రశ్న)
వయసు 57. ఒకే కంపెనీలో 22 ఏళ్ల సర్వీసు. మొత్తం జీతం 9,000 దిర్హాములు, అందులో బేసిక్ 4,500. భార్య నా వీసా మీదే ఇక్కడ ఉంటుంది, పిల్లలు హైదరాబాద్‌లో. ఇక్కడి బ్యాంకులో 1,80,000 దిర్హాములు, ఇండియాలో ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉండేవాళ్ల బ్యాంకు ఖాతా), జగిత్యాలలో ఇల్లు. ఇక్కడ సొంత ఫ్లాటేమీ లేదు. 60 నిండాక వెళ్లిపోవాలని ఆలోచన.

గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల జీతం చొప్పున దాదాపు రెండు లక్షల దిర్హాములు వస్తుందనుకుంటున్నాను, సరేనా? ఈలోపు నాకేమన్నా అయితే డబ్బు భార్య చేతికి ఎలా వస్తుంది? ఇక్కడ విల్లు రాయాలా? తమ్ముడి పేర జీపీఏ (నా తరఫున పనులు చేసే అధికార పత్రం) ఉంది, అది సరిపోదా?

లెక్కలాయన
ముందు ఆ రెండు లక్షలు మరచిపోండి అన్నా. గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదే, మొత్తం జీతం మీద కాదు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మీ రోజు బేసిక్ 150. మొదటి ఐదేళ్లకు 5 × 21 × 150 = 15,750. మిగతా 17 ఏళ్లకు 17 × 30 × 150 = 76,500. మొత్తం 92,250. జీతం లేని సెలవు మీద ఇంటికొచ్చిన రోజులు సర్వీసులోంచి పోతాయి, అవి ఎన్నో హెచ్ఆర్‌ను ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. మొత్తం రెండేళ్ల జీతం దాటకూడదని చట్టంలో పరిమితి ఉంది, మీ అంకె దాన్ని తాకదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో కంపెనీ చెల్లించాలి.

దెబ్బ తగిలేది బ్యాంకు దగ్గర. ఫైనల్ సెటిల్‌మెంట్ పడగానే చాలా బ్యాంకులు ఖాతా ఆపేసి క్రెడిట్ కార్డు, లోను బాకీ చూసుకుంటాయి. వాడని కార్డు కూడా లెక్కే. వీసా క్యాన్సిల్‌కు రెండు మూడు నెలల ముందే కార్డులు మూసేసి, లోను తీర్చేసి, బాకీ లేదని లెటర్ తీసుకోండి. ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) పోయాక అదే లెటర్ కోసం ఇండియా నుంచి మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలి.

విల్లు_వీలునామా
జీపీఏ సంగతి. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. రాసిచ్చిన మనిషి పోయిన క్షణం జీపీఏ కూడా పోతుంది. ఆ తర్వాత మీ తమ్ముడు దాంతో బ్యాంకులో సంతకం పెట్టినా, ఇల్లు రిజిస్ట్రేషన్ చేసినా చెల్లదు. అది మీరు బతికుండగా పనులు జరగడానికే.

ఇక్కడి డబ్బు: ఖాతాదారు పోయాడని తెలియగానే బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. జాయింట్ ఖాతాలోనూ పోయినవాళ్ల వాటా ఆగుతుంది, కోర్టు నుంచి వారసత్వ ఉత్తర్వు వచ్చేదాకా. ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి వేరే చట్టం అమల్లో ఉంది: విల్లు లేకపోతే సగం భార్యకు, సగం పిల్లలందరికీ సమానంగా, ఆడా మగా తేడా లేకుండా. (ముస్లింలకు షరియా వాటాలే. విల్లుతో వారసులు కానివాళ్లకు మూడో వంతు దాకా ఇవ్వొచ్చు.)

విల్లు రిజిస్టర్ చేయించే చోట్లలో రెండు చెప్తా. డీఐఎఫ్‌సీలో (దుబాయ్ ఆర్థిక కేంద్రం) ఒక మనిషి పూర్తి విల్లు ఫీజు 10,000 దిర్హాములు, అబుదాబి జ్యుడీషియల్ డిపార్ట్‌మెంట్‌లో 950. అబుదాబిలో చేయించడానికి అక్కడ నివాసం ఉండక్కర్లేదు. మీకు ఫ్లాట్ లేదు, చిన్న పిల్లల గార్డియన్ గొడవ లేదు కాబట్టి డీఐఎఫ్‌సీ దండగ. నన్నడిగితే అసలు మందు వేరే ఉంది: 1,80,000 ఇక్కడ ఉంచడమే వద్దు. ఆరు నెలల ఖర్చు పెట్టుకుని మిగతాది ఎన్ఆర్ఈకి పంపేయండి. ఖాళీ ఖాతాకు ఎవరూ కోర్టుకెళ్లరు. ఆ మిగిలిందానికీ గ్రాట్యుటీకీ కలిపి 950 దిర్హాముల విల్లు చాలు.

ఇండియా ఆస్తికి వేరే విల్లు, ఇద్దరు సాక్షులతో. ఒకటి రాసి రెండోదాన్ని రద్దు చేసేలా "ఇంతకు ముందువన్నీ రద్దు" అన్న వాక్యం గుడ్డిగా పెట్టకండి, ఏ దేశపు ఆస్తికో రాయండి.

ఫారం_పట్టుకో
పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడి డెత్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు పేరుతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్‌లో ముందు ఒక్క అక్షరం, ఆధార్‌లో అసలు లేనే లేదు, పట్టాలో తండ్రి పేరుతో కలిపి. మనకు ఒకే మనిషి, బ్యాంకు మేనేజర్‌కు నలుగురు. ఇప్పుడైతే ఆధార్, పాన్, పాస్‌బుక్ మీరే వెళ్లి సరిచేయించుకోగలరు. పోయాక భార్య అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి.

ఎన్ఆర్ఈ ఖాతాకు నామినీ రాయండి. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా, వాటాలతో సహా రాయొచ్చు. అయితే నామినీ డబ్బు తీసుకునే మనిషే, యజమాని కాదు, సుప్రీంకోర్టు 2023లో కూడా అదే చెప్పింది. అందుకే నామినేషన్, విల్లు రెండింట్లో ఒకే పేర్లు ఉంచండి.

ఇక్కడ ఇంట్లో ప్రాణం పోతే 999కి ఫోన్ చేసి పోలీసులు వచ్చేదాకా కదల్చకూడదు. తర్వాత వరస: డెత్ సర్టిఫికెట్, కాన్సులేట్‌లో మరణం నమోదు, పాస్‌పోర్టు రద్దు, ఎన్‌ఓసీ, వీసా క్యాన్సిల్, ఎంబామింగ్ (శవం పాడవకుండా చేయడం), కార్గో. డెత్ సర్టిఫికెట్‌కు ఇక్కడి విదేశాంగ శాఖ అటెస్టేషన్, కాన్సులేట్ ముద్ర ఉంటేనే ఇండియాలో పనికొస్తుంది. రెండు మూడు కాపీలు చేయించండి. ఇక్కడే దహనం కావాలంటే జెబెల్ అలీలో హిందూ శ్మశానం ఉంది. గల్ఫ్‌లో పోయిన తెలంగాణ కార్మికుల కుటుంబానికి ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తుంది, దరఖాస్తు కలెక్టరేట్‌లో.

లెక్కలాయన
ఇంకొకటి, ఇది ఈ ఏడాదే చెయ్యాలి. కంపెనీ మెడికల్ వీసాతోనే పోతుంది. ఇండియాలో హెల్త్ పాలసీకి ముందునుంచీ ఉన్న షుగర్, బీపీల వెయిటింగ్ గరిష్ఠంగా 36 నెలలు. 60కి వెళ్లి కొంటే 63 దాకా వాటికి కవరేజీ లేనట్టే, ఇప్పుడు కొంటే దిగే రోజుకు గడువు అయిపోతుంది. ఉన్న జబ్బు దాచకండి, క్లెయిమ్ కొట్టేసేది అక్కడే. దిగాక ఎన్ఆర్ఈని రెసిడెంట్ ఖాతాగా మార్పించండి, లేదా ఆర్ఎఫ్‌సీలో (తిరిగొచ్చినవాళ్లు విదేశీ డబ్బు ఉంచుకునే ఖాతా) వేయండి.

జగిత్యాల_దుబాయ్
అందరికీ థాంక్స్. భార్యను ఎన్ఆర్ఈ ఖాతాలో జాయింట్‌గా చేర్చవచ్చా? ఆమె ముందే వెళ్లిపోయి ఇండియాలో ఉంటే?

విల్లు_వీలునామా
ఉండొచ్చు. ఆమె ఇండియాలో స్థిరపడ్డాక "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలోనే ఉండాలి, ఇద్దరిలో ఎవరైనా నడిపే "ఐదర్ ఆర్ సర్వైవర్" కాదు. అంటే మీరున్నంతకాలం ఖాతా మీదే నడుస్తుంది, మీ తర్వాత ఆమెకు వెళ్తుంది. ఫారంలో ఆ గడిని మేనేజర్‌తో టిక్ పెట్టించి, స్టేట్‌మెంట్‌లో అదే పడిందో లేదో చూసుకోండి.