నడిరోడ్డు మీద కూలబడిపోతోంది. మీ పిల్లలూ ఇంతేనా?

చిన్ని వాళ్ళమ్మ:

అందరికీ నమస్కారం. మన పిల్లల గురించి మీరు ఈ తల్లిదండ్రుల గ్రూపులో రాసేవన్నీ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదలు. మా చిన్నికి 3 ఏళ్ల 8 నెలలు. డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువ. పుట్టిన రెండో రోజే గుండెలో రంధ్రం ఉందని తెలిసింది, ఐదో నెలలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఆ దిగులు లేదు. 2 ఏళ్ల 4 నెలలకి మొదటి అడుగులు వేసింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఇప్పుడు అదే నడక గురించి నాకు వేరే ఏడుపు వస్తోంది.

సంగతేంటంటే, నడుస్తూ నడుస్తూ కూలబడిపోతుంది. పడిపోవడం కాదు. ఆగుతుంది, ఒకసారి నా మొహంలోకి చూస్తుంది, మోకాళ్లు వదిలేసి చతికిలబడుతుంది, ఆపైన వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తుంది. గేటు దగ్గర, మెట్ల మధ్యలో, లిఫ్ట్ తలుపుకి అడ్డంగా. మొన్న రోడ్డు దాటుతుంటే సరిగ్గా మధ్యలో.

ఎత్తుకోవచ్చు కదా అంటారు. మీకు తెలుసు కాబట్టి మీ దగ్గర చెబుతున్నా. చంకల కింద చేతులు పెట్టి లేపితే దాని భుజాలు చెవుల దాకా లేస్తాయి, ఒళ్ళు మాత్రం నా చేతుల్లోంచి కిందికి జారిపోతుంది. తడి దుప్పటి ఎత్తినట్టు ఉంటుంది. 13 కిలోలే. ఆ నిమిషంలో మాత్రం 30 అనిపిస్తుంది. మొన్న అలా లేపబోతే గౌను నా చేతిలోకి వచ్చింది, పిల్ల కిందే ఉంది. చుట్టూ హారన్లు. ఒకాయన బండి ఆపి "రెండు తగిలిస్తే అదే లేస్తుంది" అని ఉచిత సలహా ఇచ్చి వెళ్ళాడు. ఇంటికొచ్చాక గానీ నా చేతులు వణకడం ఆగలేదు.

మా అత్తయ్య మొండిఘటం అంటారు. మా ఆయనేమో నా గారాబమే అంటారు. కండరాల్లో పట్టు తక్కువ, త్వరగా అలిసిపోతుంది అని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. కానీ అలిసిపోయిన పిల్ల ఇంట్లో సోఫా ఎక్కి దూకడం గంటసేపు ఎలా చేస్తుంది?

మాటలు ఇంకా నాలుగైదే. అమ్మ, తాత, బంతికి "బా". సైగలు మాత్రం పది దాకా వచ్చు: ఇంకా, నీళ్ళు, అయిపోయింది, ఇలాంటివి. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. ఇది అలసటా, మొండితనమా, మరేదైనానా? మీరైతే ఏం చేస్తారు?

బుజ్జిగాడి నాన్న:

మా వాడికి 7 ఏళ్లు. మా ఇంట్లో దీనికి పేరు కూడా ఉందండీ, "ధర్నా". "ఈ రోజు ఎన్ని ధర్నాలు?" అని మా ఆవిడ సాయంత్రం అడుగుతుంది. కాబట్టి మీరు ఒంటరి కాదు, ముందు ఆ టెన్షన్ తీసేయండి.

ఎత్తుకోవడం గురించి ఒక్క మాట. ఎదురుగా నిలబడి చంకల కింద పట్టుకోవద్దు, జారిపోతారు. వెనక మోకాళ్ల మీద కూర్చుని, వీపుని మీ ఛాతీకి ఆనించి, ఒక చెయ్యి ఛాతీ చుట్టూ, రెండోది మోకాళ్ల కిందుగా పోనిచ్చి, కాళ్లు మడిచి ముద్దలా దగ్గరికి తీసుకుని లేవండి. కుర్చీలో కూర్చోబెట్టినట్టు వస్తారు. ఎంత కోపంలో ఉన్నా ఒంటి చెయ్యి పట్టి లాగొద్దు. వీళ్ల కీళ్లు వదులు. ఒకసారి నేను లాగాను. ఆ రాత్రంతా వాడు ఆ చెయ్యి కదపలేదు. ఇప్పటికీ ఆ రాత్రి గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

రోడ్డు దగ్గర మాత్రం బేరాల్లేవు. దాటకముందే ఎత్తుకోండి, లేదా తోపుడు కుర్చీలో కట్టేసి దాటండి. నడక నేర్పే చోటు అది కాదు.

పెద్దపాప తల్లి:

చెల్లీ, మా అమ్మాయికి 9 నిండాయి. మొండితనం అనే మాట కాసేపు పక్కన పెట్టు. ముందు ఒళ్ళు చూపించు. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

మాదీ ఇదే కథ. పార్కులో "రా, వెళ్దాం" అని వెనక నుంచి పిలిస్తే కదిలేది కాదు. నాలుగు నెలలు తిట్టాను. తీరా వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ నీరు చేరి ఉంది. దానికి నా మాట నీళ్లలోంచి వినబడుతున్నట్టే కదా. వీళ్ల చెవి దారులు సన్నగా ఉంటాయి, లోపల నీరు చేరడం మామూలు. చంటిప్పుడు చేసిన పరీక్ష బాగుందని ఊరుకోకూడదు. మీ చిన్నికి ఆఖరిసారి ఎప్పుడు చేయించావు?

రెండోది నిద్ర. రాత్రి గురక ఉందా? కూర్చుని ముందుకి వంగి, తల కాళ్ల మధ్య పెట్టుకుని పడుకుంటుందా? మాది అలాగే పడుకునేది, ముద్దొచ్చి ఫోటోలు తీసేవాళ్ళం. అది ఊపిరి అందక వెతుక్కున్న భంగిమట. గురక లేకపోయినా 4 ఏళ్లలోపు ఒకసారి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేయించాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. మా అమ్మాయికి ఎడినాయిడ్స్, అంటే ముక్కు వెనక పెరిగే కండ, తీశారు. సాయంత్రం పూట కూలబడడం సగానికి సగం తగ్గింది. థైరాయిడ్ పరీక్ష ఎలాగూ ఏడాదికోసారి ఉండాల్సిందే, తప్పించొద్దు. థైరాయిడ్ తగ్గితే పిల్లలు ఊరికే నీరసపడతారు.

చెప్పులు కూడా చూడు. వీళ్ల పాదాలు పొట్టిగా, వెడల్పుగా, అరికాలు చదునుగా ఉంటాయి. పొడవుకి సరిపోయింది పక్కల నొక్కుతుంది. నొప్పెడుతోందని చెప్పడానికి మాట లేదు, కూర్చోవడం ఒక్కటే వచ్చు.

భయపెట్టడానికి కాదు గానీ ఇదొక్కటి గుర్తుపెట్టుకో. నడక ఉన్నట్టుండి మారినా, మెడ ఒక పక్కకే వంచుతున్నా, బాగా నడిచే పిల్ల తూలుతున్నా, ఆపుకోవడం వచ్చిన పిల్ల మళ్ళీ తడిపేసుకుంటున్నా, ఆ రోజే డాక్టర్‌కి చూపించు. మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య కొందరికి పట్టు తక్కువ, అక్కడ వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంటుంది. నువ్వు చెప్పింది అలా అనిపించట్లేదు, మీ చిన్ని నీ మొహం చూసి మరీ కూర్చునే రకం. అయినా సోఫా మీది దూకుడు కాస్త తగ్గించు. ట్రాంపొలిన్ లాంటివి 6 ఏళ్లలోపు అసలొద్దు.

ఇద్దరు పిల్లల తండ్రి:

నా అభిప్రాయం వేరు. పరీక్షలు సరే, కానీ పిల్లలు మనల్ని బాగా చదువుతారు. మా వాడు కూర్చున్న ప్రతిసారీ మేం బతిమాలాం, బొమ్మ ఇచ్చాం, ఫోన్ ఇచ్చాం. కూర్చుంటే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు, తప్పు మాదే. ఇప్పుడు కూర్చుంటే ఏమీ మాట్లాడం, ఎత్తుకుని వెళ్ళిపోతాం. నెల పట్టింది, తగ్గింది.

పెద్దపాప తల్లి:

తమ్ముడూ, ఫోన్ విషయంలో నీతో ఏకీభవిస్తా. కానీ 13 కిలోలు ఎత్తగలం, 40 అయ్యాక? మా అమ్మాయి ఇప్పుడు 31 కిలోలు. నేను ఎత్తలేను, అది నాకంటే దానికే బాగా తెలుసు.

స్పీచ్ థెరపీ పిచ్చుక:

ఇలాంటి పిల్లలతో రోజూ కూర్చునే పని నాది, అందుకని ఒకటి కలుపుతాను. ఈ పిల్లల్లో చాలామందికి విన్నదాని కంటే చూసింది బాగా నిలుస్తుంది. అర్థమయ్యేది ఎక్కువ, పలకగలిగేది తక్కువ. ఆ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే సగం ధర్నాలు పుడతాయి.

మీరు ఒక మాట చెప్పాక మనసులో 10 దాకా లెక్కపెట్టండి. నిజంగా లెక్కపెట్టండి, పెద్దవాళ్ళకి 3 దాటడమే కష్టం. 4 దగ్గర మళ్ళీ చెబితే చిన్నికి లెక్క మొదటికొస్తుంది. "లే నాన్నా, లేటవుతోంది, చూడు అందరూ చూస్తున్నారు, డాక్టర్ దగ్గరికి వెళ్దాం కదా" అనకండి. "లిఫ్ట్" అని ఒక్క మాట, లిఫ్ట్ ఫోటో. చాలు. చేతిలో ఏదో ఒక పని పెట్టండి. మొయ్యాల్సింది ఉన్న పిల్ల తక్కువ కూర్చుంటుంది.

ఇంకోటి, మీ జాబితాలో "వద్దు" సైగ కనబడలేదు. ముందు అది నేర్పండి. సైగలు నేర్పితే మాటలు రావని ఎవరైనా అంటే నమ్మకండి. మాట వచ్చేదాకా అవే ఆసరా.

చిన్ని వాళ్ళమ్మ:

అందరికీ థాంక్స్. వెంటనే జవాబు రాయలేదు, ఏమీ చేయకుండా రాయడం ఎందుకని. అక్కా, నువ్వు అడిగిన ప్రశ్నకి సిగ్గుపడుతూ చెబుతున్నా. వినికిడి పరీక్ష చేయించి ఏడాదిన్నర దాటింది. పోయిన వారం వెళ్ళాం. కుడి చెవిలో నీరు ఉంది. 3 నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు, అప్పటిదాకా ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ మాట్లాడమన్నారు. స్లీప్ స్టడీకి తేదీ తీసుకున్నాం. చెప్పులు మార్చాను, పాత వాటి పక్క అంచు ఒరుసుకుని చిటికెన వేలి మీద కాయ కాసి ఉంది. రోజూ స్నానం చేయించేది నేనే, నాకు కనబడలేదు.

ఇంకో పని చేశాను. వంటింట్లో క్యాలెండర్ మీద ఎప్పుడు కూర్చుందో, ఎక్కడ కూర్చుందో రాశాను. 9 రోజుల్లో 14 సార్లు. అందులో 8 సార్లు దానికి నచ్చినచోటి నుంచి వెళ్ళిపోయేటప్పుడు. ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు కూర్చున్నది రెండు సార్లే. సాయంత్రం నిద్ర వేళ రెండు. మిగిలిన రెండూ ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఆ క్యాలెండర్ చూశాక మా ఆయన గారాబం అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. అత్తయ్య మాత్రం మొండిఘటం అనే అంటున్నారు, కాకపోతే నవ్వుతూ.

ఎత్తుకునే పద్ధతి పని చేసిందండీ బుజ్జిగాడి నాన్నగారూ. మొదటిసారి నేనే వెనక్కి పడబోయాను.

నిన్నటి సంగతి చెప్పి ఆపేస్తా. డాక్టర్ దగ్గరికి బయల్దేరాం. ఇంటి తాళాలు మోసే పని ఇప్పుడు చిన్నిది, రెండు చేతులతో పట్టుకుని గంభీరంగా నడుస్తుంది. లిఫ్ట్ కిందికి వచ్చింది, తలుపు తెరుచుకుంది, దిగకుండా అక్కడే కూర్చుంది. అలవాటుగా నోరు తెరిచాను, మూసుకున్నాను. ఎదురుగా నేల మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాను. 5 దగ్గర పక్కింటావిడ వచ్చి లిఫ్ట్ కోసం నిలబడ్డారు. 7 దగ్గర చిన్ని తాళాలు నా ఒళ్ళో పెట్టి, రెండు చేతుల వేళ్ళు ఒకదానికొకటి తాకించి "ఇంకా" అని సైగ చేసి, లిఫ్ట్ బటన్ల వైపు చూపించింది. బటన్ నొక్కింది నేను. తను నొక్కలేదని కూర్చుంది.

పక్కింటావిడని ఎక్కించుకుని 4వ అంతస్తు దాకా వెళ్ళి మళ్ళీ దిగాం. ఈసారి బటన్ తనే నొక్కింది, అందినవన్నీ నొక్కింది. ప్రతి అంతస్తులోనూ ఆగాం. డాక్టర్ దగ్గరికి 20 నిమిషాలు లేటు.