క్రాబీలో సొంతంగా పడవ మాట్లాడుకుని ద్వీపాలు చూడటం: ఈత రాని అమ్మతో, పిల్లలతో కుదురుతుందా?

సుధ_హనుమకొండ

జనవరిలో థాయ్‌లాండ్ వెళ్తున్నాం. క్రాబీ దగ్గర ఆవ్ నాంగ్‌లో 4 రాత్రులు ఉంటాం. నేను, మా ఆయన, 11 ఏళ్ల బాబు, 7 ఏళ్ల పాప, మా అమ్మ. అమ్మకి 62. మోకాళ్ల నొప్పులు, ఈత రాదు. పుష్కరాల్లో మూడు మునకలు వెయ్యడం తప్ప పెద్ద నీళ్లలోకి దిగింది లేదు. అయినా ఈసారి ఆమెని ఒడ్డున బ్యాగులకి కాపలా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు.

ముప్పై మందిని ఎక్కించుకునే స్పీడ్‌బోటు టూర్లలో ఒక్కో చోట ముప్పావు గంటే ఆపుతారట. అమ్మ దిగి ఎక్కేసరికే అది అయిపోతుంది. అందుకే మా అయిదుగురికే పడవ మాట్లాడుకుందాం అనుకుంటున్నాం. ఏ ద్వీపాలు మంచివి, ఎంతవుతుంది, ఈత రానివాళ్లు స్నార్కెలింగ్ (ముఖం నీళ్లలో పెట్టి, గొట్టంతో గాలి పీలుస్తూ చేపల్ని చూడటం) చెయ్యొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

నీలిమ_సింగపూర్

సుధ గారూ, నిక్షేపంగా కుదురుతుంది. మేం రెండుసార్లు వెళ్లాం, రెండోసారి మా అత్తగారితో.

ఆవ్ నాంగ్ బీచ్ రోడ్డు మీదే పడవవాళ్ల టికెట్ కౌంటర్లు ఉంటాయి. ఏ రూటుకి సగం రోజు ఎంత, రోజంతా అయితే ఎంత అని బోర్డు మీదే రాసి ఉంటుంది. రేటు పడవకి, మనిషికి కాదు. మేం ఆరుగురం, నాలుగు ద్వీపాల రూటుకి రోజంతా కలిపి 3,000 బాట్ దాకా అయింది. నేషనల్ పార్క్ టికెట్ విడిగా కొనాలి, పిల్లలకి తక్కువ. ద్వీపం మీద దిగగానే అడుగుతారు, నగదు దగ్గర పెట్టుకోండి. ఆ చీటీ పారెయ్యకండి, పక్క ద్వీపంలో మళ్లీ చూపించాలి.

నాలుగు ద్వీపాలంటే పోడా, చికెన్ ఐలాండ్, టుప్, చివరగా ఫ్రా నాంగ్ బీచ్. అన్నీ దగ్గర దగ్గరే. హాంగ్ ద్వీపాలు ఇంకో దిక్కున, లాంగ్‌టెయిల్ పడవలో గంట దాకా పడుతుంది. అక్కడ పార్కు వేరు, టికెట్ కూడా వేరు. అమ్మగారు ఉన్నారు కాబట్టి మొదటి రూటే నా ఓటు. ఒకే రోజు రెండు రూట్లు కలపమని పిల్లలు గొడవ చేస్తారు, ఒప్పుకోకండి. 

లాంగ్‌టెయిల్ అంటే సన్నటి పొడవైన చెక్క పడవ. వెనకాల కారు ఇంజన్ లాంటిది, దానికి పొడవాటి ఇనుప కడ్డీ, కడ్డీ చివర ఫ్యాను. చప్పుడు విపరీతం. చెవుల్లో దూది పెట్టుకోండి, ముందు వైపు కూర్చోండి. పడవ ముక్కుకి రంగురంగుల గుడ్డలు, పూలదండలు కడతారు, అవి పడవని కాచే అమ్మవారికి. ఆ ముక్కు మీద కాలు పెట్టొద్దని, తొక్కి దాటొద్దని పిల్లలకి ముందే చెప్పండి.

రేవు_కాకినాడ

నీలిమ గారు చెప్పిన ఆ అమ్మవారి పేరు మే యా నాంగ్. మా తాతగారిది చేపల వేట కుటుంబం, మా పడవల అణియానికీ (ముక్కుకీ) పసుపు కుంకాలు పెట్టి గంగమ్మని తలచుకున్నాకే నీళ్లలోకి తోసేవాళ్లు. క్రాబీలో ఆ దండలు చూడగానే నాకు ఉప్పాడ గుర్తొచ్చింది.

సుధ గారూ, రూటు కంటే ముందు తిథి చూడండి. ఇది ఎవరూ చెప్పరు.

అక్కడ టుప్ ద్వీపం దగ్గర సముద్రం లాగినప్పుడు మధ్యలోంచి తెల్లటి ఇసుక దారి తేలుతుంది. ఒక ద్వీపం నుంచి ఇంకోదానికి నడిచిపోవచ్చు. థాయ్‌లో తలే వేక్ అంటారు, విడిపోయిన సముద్రం అని. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు బాగా పొంగుతుంది, పాటు బాగా లాగుతుంది. అప్పుడే ఆ దారి పూర్తిగా బయటపడేది. సప్తమి, అష్టమి రోజుల్లో నీరు అంతగా లాగదు, దారి మోకాలి లోతులోనే ఉండిపోవచ్చు.

కానీ నీళ్లలో చేపలు చూడాలంటే లెక్క తిరగబడుతుంది. పౌర్ణమికి నీటి పరుగు ఎక్కువ, అడుగున ఇసుక లేస్తుంది, నీరు మసకగా ఉంటుంది. అష్టమి పక్కన నీరు నింపాదిగా ఉంటుంది, తేటగా కూడా. రెండూ ఒకే రోజు కావాలంటే పోటు నిండి కాసేపు నిలబడే సమయంలో స్నార్కెలింగ్ పెట్టుకోండి, పాటుకి ఇసుక దారి దగ్గరికి చేరండి. పోటుపాట్ల టైమ్ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. క్రాబీ పోటుపాట్ల పట్టిక ఫోన్‌లోనే దొరుకుతుంది. సొంత పడవ మాట్లాడుకునేది అందుకే కదా, ఏ గంటకి ఎక్కడుండాలో మనం చెప్పొచ్చు. గుంపు టూరు రోజూ ఒకే టైముకి ఒకే చోట ఆగుతుంది, సముద్రం రోజూ ఒకేలా ఉండదు.

జనవరి మంచి నెల. మే నుంచి అక్టోబర్ దాకా ఆ తీరానికి నైరుతి గాలి, అలలు ఎక్కువ. అప్పుడైతే అమ్మగారితో వెళ్లమని చెప్పేవాణ్ని కాదు.

పాలమూరు_రాజు

సుధక్కా, మాకైన కష్టం చెప్త, మీరైనా జాగ్రత్తగుండుర్రి.

మేం ఏడుగురం పోయినం. ఇక్కణ్నుంచే ఒక ఏజెంటు దగ్గర ‘ప్రైవేట్ బోటు’ అని పైసలు మొత్తం కట్టినం. అక్కడికి పోతే పడవల ఇంకో కుటుంబం ముందుగాల్నే కూసుంది. సరే అని ఎక్కినం. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు లెవ్వు. మా అక్క బిడ్డకు 6 ఏండ్లు, పెద్దోళ్ల జాకెట్ ఏసిన్రు. నీళ్లల్లకు దిగంగనే జాకెట్ మీదికి లేసి ముఖం మూసుకుపోయింది. పోరి ఒక్కటే ఏడ్సుడు. గా రోజు మల్ల నీళ్లు ముట్టలే.

అదొక్కటే గాదు. మా తమ్ముడు ఈత బాగనే కొడ్తడు, మా ఊరి బాయిల నేర్సిండు. చేపల్ని సూసుకుంట పోయిండు, తలెత్తి సూస్తే పడవ శానా దూరముంది. నీళ్లు గుంజుతున్నయ్, ఎదురు కొట్టి కొట్టి అలిసిండు. పక్క పడవోళ్లు తాడేసి గుంజిన్రు. గా రెండు నిమిషాలు మా అమ్మ మొఖం నేనింకా మర్వలే.

అందుకే పైసలు ముందుగాల మొత్తం ఇయ్యకుర్రి. పడవ ఎక్కే ముందు ఒక్కొక్కరికి జాకెట్ తొడిగి, బిగించి, భుజాల కాడ పట్టి మీదికి గుంజి సూడుర్రి. చెవుల దాంక లేస్తే అది మీ సైజు గాదు. ఈత వచ్చినోళ్లు సుత ఏసుకోవాలె. బాయి ఈత ఏరు, సముద్రం ఏరు.

లోతునీరు_విశాఖ

రాజు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను అండమాన్‌లో రెండు సీజన్లు డైవింగ్ సెంటర్లో పనిచేశాను. ఈత రానివాళ్లని వందలమందిని నీళ్లలో దింపి ఉంటాను. సుధ గారూ, అమ్మగారు స్నార్కెలింగ్ చెయ్యొచ్చు. ఉప్పునీళ్లలో సరైన సైజు జాకెట్ బిగించుకున్న మనిషి తేలుతాడు. భయమల్లా ముక్కుతో గాలి రాకపోవడం దగ్గరే.

ఇక్కడ ఉండగానే మాస్కు, స్నార్కెల్ గొట్టం కొనండి. ఇంట్లో కూర్చుని మాస్కు పెట్టుకుని, టీవీ చూస్తూ పది నిమిషాలు నోటితో గాలి పీల్చడం అలవాటు చెయ్యండి. తర్వాత బకెట్ నీళ్లలో ముఖం పెట్టించండి. అక్కడ మొదటిసారి నడుం లోతు ఇసుకలో నిలబడి చెయ్యాలి, పడవ మీంచి దూకడం కాదు. గుండె జబ్బు, బీపీ ఉంటే ముందు డాక్టర్ని అడగండి. ముఖమంతా కప్పే మాస్కులు తేలికగా కనిపిస్తాయి గానీ నేను సలహా ఇవ్వను, కంగారు పడినప్పుడు అది తియ్యడం ఆలస్యమవుతుంది.

మాస్కు కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి లాగండి. చెయ్యి వదిలినా పడిపోకపోతే సరిపోయినట్టు. మగవాళ్లకి ఇంకో చిక్కు, మీసం. మాస్కు అంచు సరిగ్గా మీసం మీద కూర్చుంటుంది, అక్కణ్నుంచే నీళ్లు కారతాయి. ముక్కు కింద ఒక సన్నటి గీత వెడల్పున గొరిగితే చాలు, లేదా మీసానికి కాస్త వాజ్‌లైన్ రాయాలి. ఆడవాళ్లు నుదుటి మీద ముంగురులు పూర్తిగా వెనక్కి తొయ్యాలి, ఒక్క వెంట్రుక అంచు కింద ఉన్నా నీళ్లొస్తాయి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది, ఒకసారి నీళ్లలో ముంచి పెట్టుకోండి.

నీళ్లలో దిగాక దేన్నీ తొక్కొద్దు. పగడం రాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణి. రాళ్ల సందుల్లో నల్లటి పొడుగు ముళ్ల సముద్రపు ముళ్లపందులు (సీ అర్చిన్లు) ఉంటాయి, ముల్లు కాల్లో విరిగితే ఆ రోజు అంతటితో సరి. జెల్లీ చేప తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు. వెనిగర్ అర నిమిషం తగ్గకుండా పొయ్యాలి, చిన్న సీసా వెంట ఉంచుకోండి. ఊపిరి ఆడకపోయినా, నొప్పి పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి.

చేపలకి బ్రెడ్డు వెయ్యొద్దని పిల్లలకి చెప్పండి, అక్కడి పార్కుల్లో అది నేరం. చిలకచేపలు పగడాల మీద పాచిని కొరికి తింటాయి, పగడం బతకడానికి అది చాలా సాయం. బ్రెడ్డు మరిగితే ఆ పని మానేస్తాయి. చెవులు నీళ్లలో పెట్టి నిశ్శబ్దంగా ఉంటే అవి కొరికే చప్పుడు వినిపిస్తుంది, పటిక బెల్లం నమిలినట్టు కరకరమని.

సుధ_హనుమకొండ

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్కులు ఆర్డర్ పెట్టేశాను. ఇంకో రెండు అడగాలి. అమ్మ చీర తప్ప కట్టదు, మరీ బతిమాలితే చుడీదార్. ఆమె శాకాహారి కూడా. పడవ మీద తిండి ఎలా?

నీలిమ_సింగపూర్

చీర, చున్నీ, వదులు చుడీదార్ ఏవీ వద్దండీ. నీళ్లలో కాళ్లకి చుట్టుకుంటాయి, నిచ్చెన ఎక్కేటప్పుడు మరీ ప్రమాదం. మా అత్తగారికి ఫుల్ చేతుల స్విమ్మింగ్ టాప్, కింద మామూలు నల్ల లెగ్గింగ్స్, పడవ ఎక్కాక పైన కాటన్ షర్టు. ఒళ్లంతా కప్పి ఉంటుంది కాబట్టి ఆవిడకి ఇబ్బంది అనిపించలేదు. ఎండ దెబ్బా తగల్లేదు. సన్‌స్క్రీన్ కొంటే వెనక చదివి కొనండి. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి 2021 నుంచి థాయ్ నేషనల్ పార్కుల్లో నిషేధం, జరిమానా లక్ష బాట్ దాకా ఉంది.

తిండికి పొద్దున్నే పులిహోర కలిపి స్టీలు డబ్బాలో పెట్టుకోండి. హోటల్లో వెజ్ ఫ్రైడ్ రైస్ అన్నా చేపల సాస్ పడుతుంది. ‘జే’ అని అడిగితే మాంసం, చేపలు, గుడ్లు ఏవీ లేకుండా చేస్తారు.

బెజవాడ_కిరణ్

మయా బే గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక్క మాట. అది ఫీఫీ ద్వీపాల్లోని బీచ్, ఆవ్ నాంగ్ నుంచి లాంగ్‌టెయిల్‌లో పోయేంత దగ్గర కాదు. జనం తాకిడికి పగడాలు పాడైపోయి 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు, సెప్టెంబర్ మూసేస్తారు. పడవలు వెనక వైపు ‘లో సమా’ అనే చోట ఆగుతాయి, అక్కణ్నుంచి నడక. ఈత కొట్టనివ్వరు, మోకాలి లోతు వరకే. మేం ఫీఫీలో ఒక రాత్రి ఉండి, తెల్లారి తొలి పడవల్లో వెళ్లాం. ఒడ్డుకి పది అడుగుల దూరంలో నల్లంచు రెక్కల చిన్న సొరచేపలు తిరుగుతున్నాయి. మూసెయ్యడం వల్లే అవి తిరిగొచ్చాయి. ఆ ఒక్క దృశ్యానికి నాకు ఈత లేదన్న బాధ పోయింది. మీరు నాలుగు రాత్రుల్లో దాని జోలికి పోకండి.

సుధ_హనుమకొండ

నిన్ననే తిరిగొచ్చాం, మీకు రాయకుండా ఉండలేకపోయాను.

పౌర్ణమి దాటిన మర్నాడు కుదిరింది. రేవు గారు చెప్పినట్టు పట్టిక చూసి, కౌంటర్లో అమ్మాయికి ఫోన్‌లో చూపించి, మామూలు వరస కాకుండా పోడా ముందు, ఇసుక దారి చివర్లో అని చెప్పాం. ఆ అమ్మాయి పడవాయనకి థాయ్‌లో చెప్తే ఆయన పట్టిక చూసి నవ్వి బొటనవేలు పైకెత్తాడు. జాకెట్లన్నీ పైకి గుంజి చూశాం. పాపకి మొదట ఇచ్చినది చెవుల దాకా లేచింది, అడిగితే లోపల్నుంచి చిన్నది తెచ్చారు. రాజు తమ్ముడూ, మీ మాట గుర్తులేకపోతే అదే వేసేదాన్ని.

8 గంటలకి పోడాలో మేం తప్ప నలుగురైదుగురే. అమ్మ నడుం లోతులో నిలబడి గొట్టం నోట్లో పెట్టుకుంది, తీసేసింది, మళ్లీ పెట్టుకుంది. అలా అరగంట. ఎవరూ తొందర పెట్టలేదు. పడవాయన ఇంజన్ ఆపి, నీడలో కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

చికెన్ ఐలాండ్ దగ్గర పోటు నిలిచాక ఆయన పడవకి తాడు కట్టి, చివర గాలి ట్యూబు వేసి నీళ్లలో వదిలాడు. అమ్మ ఒక చేత్తో ట్యూబు, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టింది. నా మణికట్టు మీద ఆమె గోళ్ల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. పసుపు నలుపు చారల చేపలు గుంపుగా మా చేతుల కిందుగా పోయాయి. నీరు కొంచెం మసకగానే ఉంది, పగడాలు చాలావరకు బూడిద రంగులో ఉన్నాయి. అక్కడక్కడ ఊదా రంగువి బతికున్నాయి. బాబు వాటి పైన కదలకుండా తేలుతూ చాలాసేపు ఉన్నాడు. కరకర చప్పుడు వాడికే ముందు వినిపించింది.

మూడు దాటాక ఇసుక దారి మెల్లగా తేలింది. మేం చూస్తుండగానే, మొదట మధ్యలో చాప వెడల్పు, తర్వాత రెండు వైపులా. అమ్మ మోకాళ్ల మాట ఎత్తకుండా అవతలి ద్వీపం దాకా నడిచింది. వెనక్కి వచ్చేటప్పుడు నీళ్లు పాదాల మీదకి రావడం మొదలైంది.

ఇంటికొచ్చాక అమ్మ మాస్కుని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పట్టుచీరల బీరువాలో పెట్టుకుంది. లోతునీరు గారూ, అండమాన్‌లో ఆమె వయసువాళ్లకి నెమ్మదిగా ఉండే చోటు ఏదైనా చెప్తారా? డిసెంబర్‌లో అయితే బాగుంటుందని అమ్మే అడగమంది.