గడప దాటే రోబో ఏది? రోబోరాకా, ఎకోవాక్సా?

మాది మియాపూర్‌లో మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. అన్నీ టైల్సే, కార్పెట్లు లేవు. మూడేళ్లుగా వాడుతున్న, ఇల్లు ఊడ్చి తుడిచే రోబో (కంపెనీ పేరెందుకులెండి) మొన్న శుక్రవారం పూజగది గడప మీది పసుపు అంటించుకుని హాలంతా పచ్చటి చారలు గీసింది. తుడవడమంటే దానికి తడిబట్టను ఈడ్చుకెళ్లడమే. ఆ బట్ట నేనే ఉతకాలి. అమ్మయితే "దీనికంటే మన రాములమ్మే నయం" అని తేల్చేసింది.

ఈసారి బట్టను తనే ఉతికి ఆరబెట్టుకునే డాక్ (రోబో వెళ్లి ఛార్జింగ్‌కి నిలబడే స్టాండ్) ఉన్నదే కొనాలని ఉంది. రెండు చూశాను. రోబోరాక్ క్యూరెవో కర్వ్‌కి గుండ్రంగా తిరిగే రెండు మాప్‌లు. చక్రాల మీద ఒళ్లు పైకి లేపుకుని గడప ఎక్కుతుందట. ఎకోవాక్స్ ఎక్స్8 ప్రో ఓమ్నీకి రోలర్ మాప్. తుడుస్తూనే మురికి నీళ్లు పిండేసుకుంటుంది. సక్షన్ (దుమ్ము లాగే శక్తి) రెండింటికీ 18,000 పాస్కల్స్‌కి తక్కువ కాదు, అది చూసి తేల్చుకునేదేమీ లేదు.

నా అసలు టెన్షన్ వేరు. మా బోరు నీళ్లు బకెట్‌కే తెల్లగా చారలు కట్టిస్తాయి. డాక్ ట్యాంకులో అవే పోస్తే పైపులు పూడుకుపోవా? వాడుతున్నవాళ్లు ఆర్వో నీళ్లు పోస్తున్నారా? పోపు జిడ్డు రోలర్‌కి పోతుందా, తిరిగే మాప్‌కా? మా గడప ఒక అంగుళం ఎత్తు, పైగా అంచు నిటారుగా ఉంటుంది. నిజంగా ఎక్కుతుందా? ఇంట్లో ముగ్గురివీ పొడుగు జుట్టులే, బ్రష్‌కి చుట్టుకుంటే కత్తెర పట్టుకుని కూర్చునేది నేనే.

కనీసం ఆర్నెల్లు వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.