అద్దం పరీక్షలో మూడు ఏనుగుల్లో ఒకటే నెగ్గింది. మిగతా రెంటికీ "నేను" అన్న ఎరుక లేనట్టేనా?

కొండగాలి:
వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఏనుగు మెదడులో మనకన్నా మూడు రెట్లు న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్నాయట, అద్దంలో తనను తాను గుర్తుపడుతుందట, కాబట్టి తెలివిలో మనకేమీ తీసిపోదట. వెతికి చూస్తే, 2006లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో మూడు ఆడ ఆసియా ఏనుగులకు పరీక్ష పెడితే నెగ్గింది హ్యాపీ అనే ఒక్కటే అని తేలింది. మరి మ్యాక్సీన్, ప్యాటీ సంగతేంటి? ఈ పరీక్ష అసలెలా పెడతారు? మన గుడి ఏనుగుల దగ్గర పెట్టి చూడొచ్చా? న్యూరాన్ల లెక్క నిజమేనా?

చుక్కలజాడ:
ముందు పరీక్ష గురించి. 1970లో గ్యాలప్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చింపాంజీల మీద మొదలుపెట్టిన పద్ధతి ఇది. జంతువుకి అద్దం అలవాటయ్యాక, అద్దంలో తప్ప కనిపించని చోట ఒక గుర్తు పెడతారు. అద్దం చూసుకుని తన ఒంటి మీద ఆ చోటునే తడుముకుంటే నెగ్గినట్టు. అద్దాన్ని తడిమితే లెక్కలోకి రాదు.

ఏనుగుతో వచ్చే చిక్కు ముక్కు దగ్గర. రంగు పూస్తే దానికి వాసన తెలుస్తుంది, తడి తెలుస్తుంది. అందుకని బ్రాంక్స్‌లో తలకి కుడివైపు తెల్ల రంగుతో ఇంటూ గుర్తు వేసి, ఎడమవైపు అదే రకం రంగులేని పూత పూశారు. వాసన, స్పర్శ రెండువైపులా ఒకటే, కంటికి కనిపించేది మాత్రం కుడివైపుదే. హ్యాపీ అద్దం ముందు నిలబడి తొండం కొనతో తెల్ల గుర్తునే పదేపదే తడుముకుంది, రెండోదాన్ని పట్టించుకోలేదు. ఆ కనపడని పూత లేకపోతే ఈ ఫలితానికి విలువే లేదు.

అద్దం కొలత కూడా ముఖ్యమే. 1989లో వాషింగ్టన్ జూలో రెండు ఆసియా ఏనుగులకు ఇదే పరీక్ష పెడితే రెండూ తప్పాయి. కానీ అక్కడి అద్దం చిన్నది, పైగా కటకటాల అవతల ఉంది. బ్రాంక్స్‌లో ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు అద్దం ఏనుగుల ఆవరణలోనే బిగించారు. వాటికి తొండంతో తడిమే వీలు, పైనుంచి వెనక్కి తొండం చాచి "అవతల ఎవరున్నారు" అని వెతికే వీలు దొరికింది. ఆ వెతుకులాట పరీక్షలో ఒక దశ, అది జరగకపోతే తర్వాతి దశ రాదు.

మ్యాక్సీన్ గుర్తుని తడమలేదు, నిజమే. కానీ అద్దం ముందు తొండం కొన నోట్లో పెట్టుకుని లోపల తడుముకుంది, తొండంతో తన చెవి పట్టుకుని మెల్లగా అద్దం వైపు లాక్కుంది. ఎదుట ఇంకో ఏనుగుందనుకుంటే అలా ఎందుకు చేస్తుంది? దాన్ని "ఫెయిల్" అనడం నాకు మింగుడుపడదు.

నీటిపాపాయి:
పై జవాబుకి కొసరు. గుర్తు పట్టించుకోకపోవడానికి ఇంకో మామూలు కారణం ఉంది. ఏనుగు రోజంతా ఒంటి మీద మట్టి, దుమ్ము తానే చల్లుకుంటుంది. నుదుటి మీద మరక దానికొక వింత కాదు. చింపాంజీలు ఒళ్లు ఏరుకునే జాతి కాబట్టి మరక కనిపిస్తే చెయ్యి అటే పోతుంది.

ఇది ఊహ కాదనడానికి ఒక చేప సాక్ష్యం. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తినే క్లీనర్ రాస్ అనే బుల్లి చేపకి గొంతు కింద గోధుమరంగు చుక్క పెడితే, అద్దంలో చూసుకుని ఇసుకకో రాయికో గొంతు రాసుకుంటుంది (2019). అదే చుక్క నీలం, ఆకుపచ్చ అయితే పట్టించుకోదు (2022). గోధుమ చుక్క పరాన్నజీవిలా కనిపిస్తుంది, నీలం చుక్క అలా కనిపించదు. గుర్తు ఆ జంతువుకి పట్టేదై ఉండాలి. మన గుడి ఏనుగుకి రోజూ తిరునామం పెడతారు కదా, దాని నుదుట తెల్ల గీతలు కొత్తేముంది?

లెక్కలపురుగు:
న్యూరాన్ల లెక్క నిజమే, చెప్పిన తీరే మోసం. 2014లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం ఆఫ్రికా ఏనుగు మెదడుని లెక్కించింది. కణాలను కరిగించి, కేంద్రకాలు మాత్రం మిగిలిన రసం చేసి, అందులో కొద్దిగా తీసుకుని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టే పద్ధతి. మొత్తం 25,700 కోట్లు వచ్చాయి. మనిషికి సుమారు 8,600 కోట్లు. కానీ ఏనుగు న్యూరాన్లలో 97.5 శాతం వెనకున్న చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ముఖ్యమైన పైపొరలో 560 కోట్లే, మనకి అక్కడ దాదాపు 1,600 కోట్లు. చిన్నమెదడులో అన్నెందుకంటే, ఎముకే లేని ఆ తొండాన్ని నడపడానికి కావచ్చని వాళ్ల అంచనా.

అద్దం కళ్లతో ఆడే ఆట, ఏనుగు వాసనతో బతికే జీవి. వాసన గ్రాహక జన్యువులు దానికి సుమారు 2,000, కుక్కకి 800, మనకి 400. కెన్యాలోని అంబోసెలిలో ఒక చక్కటి ప్రయోగం చేశారు. ఒక ఆడ ఏనుగు మూత్రం తడిసిన మట్టిని తవ్వి తెచ్చి, నడిచొస్తున్న గుంపు దారిలో ముందుగా పోశారు. ఆ ఏనుగు గుంపులో వెనక వస్తుంటే, మిగతావి ఆ మట్టిని ఎక్కువసేపు వాసన చూశాయి. "వెనకున్నది ముందెలా వచ్చింది" అన్నట్టు! ఎవరెక్కడున్నారో గుర్తుపెట్టుకుంటేనే ఆ తికమక.

కొండగాలి:
చాలా థ్యాంక్స్ అండి. అయితే గుడి ఏనుగు ముందు అద్దం వద్దన్నమాట. వేరే దారుందా?

చుక్కలజాడ:
గాజు అద్దం అసలే వద్దు. తొండంతో నెట్టినా పగులుతుంది, పెంకు పాదంలో దిగితే మానడం కష్టం.

అద్దం అక్కర్లేని పరీక్ష ఒకటుంది. థాయ్‌లాండ్‌లో 12 ఏనుగులతో చేసి 2017లో ప్రచురించారు. ఏనుగుని ఒక రబ్బరు చాప మీద నిలబెడతారు. ఒక కర్రని తాడుతో ఆ చాపకే కట్టి, కర్ర తీసి ఎదుటివాళ్లకి ఇమ్మంటారు. చాప మీద నిలబడ్డంతసేపూ కర్ర చేతికి అందివ్వలేదు, అడ్డం తన బరువే. అది తెలిస్తే చాప దిగి ఇస్తుంది. సగటున 48 సార్లలో 42 సార్లు దిగాయి. కర్రని చాపకి కట్టనప్పుడు దిగింది 3 సార్లే. పసిపిల్లలకి పెట్టే పరీక్ష కూడా ఇలాంటిదే, తోపుడు బండికి కట్టిన చాప మీద నిలబెట్టి బండి తొయ్యమంటారు.

జాగ్రత్తొకటి. కర్ర కట్టని వంతులు కట్టిన వాటితో కలిపి పెట్టాలి, లేకపోతే "చాప దిగితే అరటిపండు" అని నేర్చుకుంటుంది. మావటి పక్కన నిలబడి కాలితోనో కళ్లతోనో సైగ చేసినా అంతే, ఏనుగులు దాన్ని ఇట్టే పట్టేస్తాయి.