సేవాసంఘంలో ‘లీన్’ మొదలుపెట్టాలంటే ముందు ఏం చేయాలి?

కొర్లగుంట గోదాం:
తిరుపతిలో మాదొక చిన్న సేవాసంఘం. జీతానికి నలుగురం, వరదొస్తే వచ్చే వలంటీర్లు ఓ ముప్పై మంది. గోదాం లెక్కలు నావి. నిధులిచ్చేవాళ్లు ఈసారి ‘లీన్ పద్ధతిలో పనిచేయండి’ అన్నారు. అంటే పనిలో వృథాను తగ్గించే జపాన్ ఫ్యాక్టరీల పద్ధతట. మీటింగులో ఆ మాట ఎత్తగానే మా డ్రైవరన్న ‘అంటే ఎవర్ని తీసేస్తారు మేడమ్?’ అన్నాడు. ఇక ఎవరూ నోరు మెదపలేదు.

దాని అవసరం మాత్రం మాకు ఉంది. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు కిట్లు కట్టాం. రెండొందల సంచులు మూతి కుట్టి లారీ ఎక్కించాక తెలిసింది, కొవ్వొత్తులు వేశాం గానీ అగ్గిపెట్టెలు వేయలేదని. అవేమో దుప్పట్ల బేళ్ల వెనకే ఉన్నాయి! అన్నీ దించి, విప్పి, మళ్లీ కుట్టేసరికి తెల్లారింది. పెద్ద ట్రైనింగ్ పెట్టించమంటారా?

శ్రీసిటీ షిఫ్ట్:
ట్రైనింగ్ ఇప్పుడే వద్దక్కా. నేను ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ని. జపాన్ మాటలు గోడకు అంటిస్తే జనం ఇంకా బెదురుతారు. (మా దగ్గర 5ఎస్, అంటే పనిచోటు సర్ది శుభ్రంగా ఉంచుకునే ఐదు సూత్రాల బోర్డు వెనకే విరిగిన చీపుర్లు దాచేవాళ్లు.)

న్యూయార్క్ హార్లెంలో ఒక ఉచిత భోజనశాలకు, ఈ పద్ధతి పుట్టిన జపాన్ కార్ల కంపెనీ టొయోటా వాళ్లు సాయం చేశారు. అక్కడా మన బంతి భోజనం లాగే పదేసి మందిని లోపలికి వదిలేవారు. దాన్ని మాన్పించి, కుర్చీ ఖాళీ అయితే చాలు ఒకర్ని పంపడం మొదలుపెట్టారు. ట్రేలు అందుకునే చోటు దగ్గరికి తెచ్చారు. ఖాళీ కుర్చీలు కనిపెట్టడానికే ఒక మనిషిని పెట్టారు. 90 నిమిషాలు నిలబడేవాళ్లు 18 నిమిషాల్లో కూర్చున్నారు. అక్కడ మనిషిని తీసేయలేదు, ఆ పని చూడమన్నారు. మీ డ్రైవరన్నకు ఇది చెప్పండి.

2012లో న్యూయార్క్‌లోనే శాండీ తుఫాను తర్వాత కూడా అంతే. సరుకుల పెట్టె సర్దడానికి 3 నిమిషాలు పట్టేది, బల్లల చుట్టూ తిరగడం మానేసి వరుసలో నిలబడి సర్దితే 11 సెకన్లకు వచ్చింది. ముందు ఒక్క సంచి కట్టి, ఫోనులో టైం చూడండి.

తుఫాను డ్యూటీ:
తమ్ముడూ, ఫ్యాక్టరీ వేరు, వరద వేరు. ‘కావాల్సినప్పుడే సరుకు తెప్పించు’ అన్న సూత్రం మాత్రం ఇక్కడికి తేవద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గండం. వాన పట్టుకున్నాక టార్పాలిన్ల కొట్టు తెరవడు, తెరిచినా రేటు మండిపోతుంది. నిల్వ ఉండాల్సిందే, ఎక్కడుందో తెలిస్తే చాలు. విపత్తు సాయానికి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లని ఉంది. ఆదా పేరుతో అలాంటివాటి జోలికి పోకండి.

ఇంకోటమ్మా, ఎవరి ఉద్యోగం పోదని మీ అధ్యక్షుల చేత కాగితం మీద రాయించండి. నోటిమాటకు నమ్మరు. ఇదంతా ఎండాకాలంలోనే కానివ్వండి.

కొర్లగుంట గోదాం:
ఆదివారం ఇరవై సంచులతో చూశాం. మొదట సంచికి నాలుగు నిమిషాలు. అందులో సగం మనుషులు ఒకరికొకరు అడ్డం తగులుకోవడమే. అగ్గిపెట్టెల కార్టన్ తలుపు పక్కకి తెచ్చి, బల్లలు వరుసగా వేస్తే నిమిషంన్నరకి దిగింది. బల్లలు అలా వేద్దామన్నది డ్రైవరన్నే. ఏ సరుకు ఎక్కడో నేల మీద సుద్దతో గీసిపెట్టి, ఆ గీత తొక్కిన వాళ్లమీద కేకలేస్తున్నాడు.

అధ్యక్షుల వారి కాగితం ఇంకా కాలేదన్నా. కొండ దిగాక సంతకం చేస్తారట.