ఆల్దో రాశాక బట్ ఎందుకు రాయకూడదు? కాంప్లెక్స్ సెంటెన్స్ డౌట్

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే గానీ చదువంతా ఒడియా మీడియం, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి ఇంగ్లీషు చదువుతున్నాను. చిన్న వాక్యాలు రాసేస్తాను, రెండు కలిపి ఒకటి చెయ్యమంటే చెయ్యి ఆగిపోతాది. నిన్న 'ఆల్దో ఇట్ వాజ్ రైనింగ్, బట్ ది ట్రైన్ కేమ్ ఆన్ టైమ్' అని రాస్తే మాస్టారు బట్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చేసారు, ఎందుకో చెప్పలేదు. హూ ఎక్కడ పెట్టాలో కూడా అర్థం కాట్లేదు. ఎవరైనా తెలుగులో చెప్తారా?

రాయగడ నుంచి:
చెల్లీ, ఆ బట్ ఒడియాలోంచి వచ్చింది. జదిఓ (అయినప్పటికీ) అన్నాక తథాపి (అయినా సరే) అనడం మనకి అలవాటు కదా, అవి జంట. ఇంగ్లీషులో ఒక్క ముడి చాలు, ఆల్దో ఉంటే బట్ తీసెయ్, బట్ కావాలంటే ఆల్దో తీసెయ్. కాకపోతే బట్‌తో రాస్తే అది కాంపౌండ్ అయిపోతాది, రెండు ముక్కలూ సమానం. ఎవరితోనైనా 'ఆల్దో ఇట్ వాజ్ రైనింగ్' అని ఊరుకుని చూడు, 'అయితే ఏటి?' అంటారు. అలా అడిగించుకునే ముక్కే సబార్డినేట్ క్లాజ్, దానికి ఆసరాగా నిలబడేది మెయిన్ క్లాజ్, ఈ రెండూ కలిస్తే కాంప్లెక్స్ సెంటెన్స్. నా ట్యూషన్ పిల్లల చేత ప్రతి వాక్యానికీ ఇదే అడిగిస్తాను, నెలలోపే చాలామందికి పట్టుబడింది.

బరంపురం నుంచి:
హూ సంగతి నేను చెప్తాను. 'నిన్న వచ్చిన అబ్బాయి మా తమ్ముడు' అంటే తెలుగులో 'వచ్చిన' ముందు, 'అబ్బాయి' తర్వాత. ఇంగ్లీషులో మనిషిని ముందు చెప్పి వెంటనే హూ తగిలిస్తారు, 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై బ్రదర్'. ఇక్కడ మాత్రం నీ ఒడియా సాయం చేస్తాది తల్లీ. 'జేఉఁ పిలా కాలి ఆసిథిలా, సే మో భాయి' (ఏ అబ్బాయి నిన్న వచ్చాడో, వాడు మా తమ్ముడు) అంటాం కదా, ఆ జేఉఁ పనే హూ చేస్తాది. సే (వాడు) ఒక్కటీ వదిలెయ్యాలి, అది వదలకే మనవాళ్లు 'హూ కేమ్ యెస్టర్‌డే, హీ ఈజ్' అని రాసేస్తారు.

పర్లాకిమిడి:
అక్కా, సే మాట చెప్పాక వెలిగింది, నేనూ హీ పెట్టేస్తున్నాను! ఇది చూడండి, 'వెన్ ది ట్రైన్ విల్ కమ్, ఐ విల్ గో', కరెక్టేనా?

రాయగడ నుంచి:
మొదటి విల్ తీసెయ్యమ్మా, 'వెన్ ది ట్రైన్ కమ్స్, ఐ విల్ గో'. బండొచ్చాక వెళ్తాను అంటాం, వచ్చాకలో రేపు అనేది ఎక్కడుంది, వెళ్తానులోనే కదా ఉంది. ఇఫ్‌కీ అంతే, వానొస్తే అన్నట్టు 'ఇఫ్ ఇట్ రైన్స్'. ఇంకో నాలుగు రాసి ఇక్కడే పెట్టు, రాత్రికి చూస్తాను.