ఆలివర్ నెల్సన్ 'ద బ్లూస్ అండ్ ది అబ్‌స్ట్రాక్ట్ ట్రూత్' కొత్త ముద్రణ 1961 రికార్డుకి సాటి వస్తుందా?

నల్లడిస్క్: ఈ జాజ్ ఆల్బం అకౌస్టిక్ సౌండ్స్ సిరీస్‌లో 180 గ్రాముల వినైల్ మీద మళ్ళీ వచ్చింది, ఆ రీఇష్యూ గురించి. మాస్టరింగ్ ఇంజినీరు ర్యాన్ కె. స్మిత్ ఒరిజినల్ అనలాగ్ టేపు నుంచే గాడి కట్ చేశాడు, ఆ విషయంలో పేచీ లేదు. కానీ ఇంపల్స్ లేబుల్ తొలి ముద్రణతో (నంబరు ఏఎస్-5) పోలిస్తే ఇది చప్పగా ఉంది. 'స్టోలెన్ మూమెంట్స్'లో ఫ్రెడీ హబ్బర్డ్ సోలో ఎత్తుకోగానే పాత రికార్డులో ట్రంపెట్ స్పీకర్ దాటి ముందుకొస్తుంది. కొత్తదాంట్లో మర్యాదగా వెనకే నిలబడుతుంది. పాతదాన్ని లక్క డిస్క్ (లాకర్, ముద్రణ అచ్చులకి మూలమైన డిస్క్) మీద కట్ చేసింది రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డరే. ఆ ముద్ర లేని కాపీకి ఇంత డబ్బు దేనికి?

సూదిమొన: వాల్యూమ్ సమం చేసి విన్నారా నల్లడిస్క్ గారూ? వాన్ గెల్డర్ కట్ లెవెల్ ఎక్కువ. 1 డీబీ తేడా ఉన్నా చెవి పెద్దగా వినిపించేదాన్నే మెచ్చుకుంటుంది. రెండింటినీ ఒకే ఫోనో స్టేజి (సూది సిగ్నల్‌ని పెంచే పెట్టె) గుండా కంప్యూటర్‌లోకి 24 బిట్‌లో ఎక్కించండి, ఒకే 30 సెకన్ల ముక్క తీసుకుని సగటు లెవెల్ సరిపెట్టండి. అప్పుడు వినండి. కంచుకీ కనకానికీ తేడా మోతలో తేలదు.

నల్లడిస్క్: సమం చేశాకే రాశాను.

సూదిమొన: అయితే సూదిని మోసే ఆర్మ్ ఎత్తు మార్చారా? 180 గ్రాముల డిస్క్ పాతదానికంటే అర మిల్లీమీటరు దాకా మందం ఉంటుంది.

నల్లడిస్క్: 9 అంగుళాల ఆర్మ్ మీద 1 మిల్లీమీటరుకి సూది కోణం మారేది పావు డిగ్రీ. మీరు చెప్పే అర మిల్లీమీటరుకి డిగ్రీలో ఎనిమిదో వంతు. దాంతో ట్రంపెట్ వెనక్కి పోతుందా?

సూదిమొన: కోణం ఒక్కటే కాదు. చాలా ఆర్మ్‌లలో వెనక తూకపు బరువు, ఆర్మ్ తిరిగే పివట్‌కి పైనో కిందో ఉంటుంది, ఎత్తు మారితే సూది బరువు కూడా కాస్త మారుతుంది. సూది బరువు తూచే గేజీని రికార్డు మందం ఎత్తులో పెట్టి చూడండి. ప్లాటర్ మీద నేరుగా పెట్టి చూసి 2 గ్రాములు సరిగ్గా ఉందనుకుంటారు అందరూ.

పక్కవాయిద్యం: 'మోర్ బ్లూస్ అండ్ ది అబ్‌స్ట్రాక్ట్ ట్రూత్' తీసుకోండి, గొడవ ఉండదు.

నల్లడిస్క్: అది 1964 నాటిది. అందులో నెల్సన్ సాక్సఫోన్ పట్టనే లేదు, అరేంజ్‌మెంట్లూ కండక్టింగే. మొదటిదాంట్లో సాక్సఫోన్ వాయించిన ఎరిక్ డాల్ఫీ లేడు, పియానో వాయించిన బిల్ ఎవాన్స్ లేడు. ఆ రెంటికీ పొత్తు లేదు.

నలభై_అయిదు: నిమిషానికి 33 చుట్ల వేగంలో సైడుకి 17 నుంచి 19 నిమిషాలు. అంచు దగ్గర గాడి సెకనుకి 51 సెంటీమీటర్లు జరుగుతుంది, లేబుల్ దగ్గర 21. రెండో సైడు చివర్న 'టీనీస్ బ్లూస్'. నెల్సన్, డాల్ఫీ ఇద్దరూ ఆల్టో సాక్సఫోన్లే. సరిగ్గా గాడి నెమ్మదించే చోట ఆ రెండు ఆల్టోలు! గరగర వస్తే ముద్రణని తిట్టే ముందు కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఓవర్‌హ్యాంగ్, అంటే అది ఎంత ముందుకుందో, ప్రొట్రాక్టర్ కొలత పలక మీద చూసుకోండి, లేదా 45 వేగం ముద్రణ వెతుక్కోండి.

సూదిమొన: ఆ పాట బాగా గుర్తుచేశారు. కొత్తదాంట్లో అక్కడ ఇద్దరూ విడివిడిగా తెలుస్తారు. 'స్టోలెన్ మూమెంట్స్' 16 బార్ల థీమ్‌లో జార్జ్ బారో బారిటోన్ సాక్సఫోన్ కూడా అంతే. ఈ ఆల్బంలో ఆయనకి సోలో ఒక్కటీ లేదు, ఆయన పనంతా అడుగున హార్మనీ నిలబెట్టడమే. పాత కట్‌లో ఆ అడుగు పల్చబడింది. పాల్ చేంబర్స్ బేస్ సంగతీ అంతే. అప్పటి మామూలు గ్రామఫోన్లలో సూది ఎగరకుండా వాన్ గెల్డర్ లోతు బేస్ తగ్గించి, కంప్రెషన్ (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడా తగ్గించడం) పెట్టేవాడు. మీకు నచ్చిన ఆ 'ముందుకు రావడం' కంప్రెషనే.

నల్లడిస్క్: అంటే ఆ గదిలో కూర్చుని హార్న్ వాళ్ళని విన్నవాడికి తెలియనిది, టేపు తప్ప ఏమీ వినని ఇంజినీరుకి తెలిసిందా? 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే రీఇష్యూ లేబుల్ తమ రికార్డుల్లో డీఎస్‌డీ అనే డిజిటల్ మెట్టు ఉందని ఒప్పుకునేదాకా ఇక్కడ మీలాంటి వాళ్ళే 'స్వచ్ఛమైన అనలాగ్, వింటేనే తెలుస్తుంది' అని ఉపన్యాసాలిచ్చారు.

సూదిమొన: ఆ లేబుల్ వేరు, ఈ లేబుల్ వేరు. పైగా ఒరిజినల్ పేరుతో నాకు అంటగట్టిన కాపీ లేబుల్ మీద తొలి ముద్రణలకి ఉండే 'ఆమ్-పార్' అన్న మాటే లేదు, తర్వాతి ఏబీసీ-పారమౌంట్ ముద్రణ. దాని ధరకి ఇలాంటి కొత్తవి పది వచ్చేవి. పైగా 60లలో బరువైన గుండ్రటి సూదులు తొక్కిన గాడి.

నల్లడిస్క్: మోసపోతే అమ్మినవాణ్ణి అడగండి, వాన్ గెల్డర్‌ని కాదు.

నలభై_అయిదు: అరిగిన గాడి అన్నారు కాబట్టి: గుండ్రటి సూది గోడకి ఒక ఎత్తులో తగిలి అక్కడే అరగదీస్తుంది. మైక్రోలైన్ లాంటి సన్నపు సూది ఆ గోడమీద మరింత పొడవునా ఆనుతుంది, అరగని భాగాన్ని కూడా చదువుతుంది. పాత కాపీని కడిగి, ఆ సూదితో వినకుండా తీసిపారేయకండి.

పక్కవాయిద్యం: ఇద్దరూ ఒకే రికార్డు గురించే మాట్లాడుతున్నారా?

సూదిమొన: లేదు, అదే చిక్కు. 1961 ఫిబ్రవరి 23న ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఏడుగురు వాయించింది టేపులో ఉంది. నాకు కావలసింది అది. రికార్డు దాని మీద ఒక రాజీ.

నల్లడిస్క్: నాకు టేపు సగం పని. లక్క మీద ఏ బేస్ తగ్గించాలో, ఏ హార్న్ ముందుండాలో తేల్చడం కూడా ఆ ఆల్బంలో భాగమే. నెల్సన్ బతికుండగా జనం విన్నదీ, సాక్సఫోన్ వాళ్ళు సూది వెనక్కి పెట్టి పెట్టి నేర్చుకున్నదీ ఆ కట్‌నే. టేపు అప్పుడు అల్మారాలో ఉంది.

సూదిమొన: అయితే అది పాత కాపీకి కారణం, కొత్తది 'చప్పగా' ఉందనడానికి కాదు. మీ మొదటి పోస్టులో రాసింది రెండోది.

నల్లడిస్క్: చప్పగానే ఉంది.

నలభై_అయిదు: ఎవరైనా కొనేవాళ్ళుంటే: డిస్క్ రాగానే లేబుల్ దగ్గర సూది పెట్టి ఆర్మ్ అటూఇటూ ఊగుతోందేమో చూడండి. రంధ్రం అర మిల్లీమీటరు పక్కకి పోతే లోపలి గాడిలో వేగం దాదాపు 0.8 శాతం అటూఇటూ అవుతుంది, ఎవాన్స్ పియానో సాగదీసిన స్వరాల్లో వణుకు వస్తుంది. ఒక చానల్లోనే చిరిగినట్టు బరబర వినిపిస్తే వినైల్ గాడి నిండలేదని అర్థం, కడిగితే పోదు. వాపసు గడువులోపే రెండు సైడులూ చివరిదాకా వినండి.